పాతపట్నం పంపినా వేరే రాష్ట్రమే

పన్ను – పద్దు: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడిగాయి: "యాప్‌లో ఏదో అమ్ముకుంటున్నాం, దీనికీ పన్నా?" ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఇటు మహారాష్ట్ర కొసన సిరొంచ దాకా అందరిదీ అదే మాట. కట్టాలా వద్దా అంటే నా జవాబు ముందే చెప్పేస్తాను: కట్టాలి. డబ్బు కౌంటరు మీదకు వచ్చిందా, ఫోన్లోకి వచ్చిందా అని ఆదాయపు పన్ను చట్టం అడగదు. అయితే మీ లెక్కలు చూస్తే చాలామందికి పడే ఆదాయపు పన్ను సున్నా. అందరూ దానికే భయపడుతున్నారు. మిమ్మల్ని పట్టుకునేది మాత్రం జీఎస్టీ. మీ వ్యాపారం పెద్దదని కూడా కాదు, మనం రాష్ట్రం అంచున కాపురం ఉంటున్నందుకు.

ఇక్కడి లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానంలో వేసినవి. సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి నంబర్లన్నీ మారాయి, కానీ మనకు పనికొచ్చే సూత్రాలు అవే. పేర్లు వేయవద్దని కోరారు, వేయడం లేదు.

ప్రశ్న: మాస్టారూ, ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, అప్పడాలు చేసి ఒక యాప్‌లో అమ్ముతున్నాను. జీఎస్టీ లేదు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంది. ఏడాది అమ్మకం 6,80,000 అని యాప్ చూపిస్తోంది. నా బ్యాంకులో పడింది 5,43,320. పన్నెండు లక్షల దాకా ఏమీ లేదని మా వారు, 6.8 లక్షల మీద పన్ను కట్టాలని మా అబ్బాయి. ఇద్దరి మధ్య నాకు టెన్షన్. సరుకులు, సీసాలు, అట్టపెట్టెలు, గ్యాసు కలిపి 2,85,000 అయింది. ఇద్దరు ఆడవాళ్ళు సాయానికి వస్తారు, వాళ్ళకు 72,000 ఇచ్చాను. వైజాగ్‌లో మా చెల్లెలి స్నేహితులకు వాట్సాప్ ఆర్డర్ల మీద కొరియర్లో కూడా పంపుతుంటాను.
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: అమ్మా, ముందుగా మీకు మెచ్చుకోలు. సీసాల ఖర్చు దగ్గర నుంచి రాసి పంపారు. పెద్ద కొట్లు నడిపేవాళ్ళు కూడా నాకు ఇంత శుభ్రంగా పంపరు.

మీ అబ్బాయి చెప్పింది తప్పు. ఆదాయపు పన్ను అమ్మకం మీద పడదు, మిగిలినదాని మీద పడుతుంది. మీరు అమ్మింది 6,80,000. అందులో యాప్ వాళ్ళు కమీషన్, రవాణా, ప్రకటనల కింద 1,36,000 కోసుకున్నారు. మిగిలింది 5,44,000. ఇంకో 680 రూపాయలు టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కింద పట్టుకుని ప్రభుత్వానికి జమ చేశారు. అందుకే మీకు 5,43,320 పడింది. ఆ 680 ఖర్చు కాదు, మీ పేరు మీద ఉన్న డబ్బు. 5,44,000 లోంచి సరుకులూ జీతాలూ తీసేస్తే 1,87,000 వస్తుంది. అదీ మీ ఆదాయం. వాట్సాప్ అమ్మకాలు ఎంతో రాయలేదు. వాటి లాభం కూడా ఇందులో కలపాలి. కలిపినా 4 లక్షలు దాటేలా లేదు కాబట్టి పన్ను లేదు, రిటర్న్ వేసి తీరాలన్న నిర్బంధం కూడా లేదు. కానీ వేయండి. వేయకపోతే ఆ 680 వెనక్కి రాదు. పైగా రేపు బ్యాంకు లోను అడిగితే వాళ్ళు మొదట అడిగే కాగితం అదే.

మీ వారు చెప్పిన పన్నెండు లక్షల సంగతి. పన్ను అసలు మొదలయ్యేది 4 లక్షలు దాటాక. 12 లక్షల లోపు వాళ్ళకు ఆ పడిన పన్నును సెక్షన్ 87ఏ రిబేటు కింద 60,000 దాకా కొట్టేస్తారు. కాబట్టి 4 లక్షలు దాటినవాళ్ళు పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాలి. "పన్నెండు లోపు కదా" అని వేయకుండా ఊరుకున్నవాళ్ళు నాకు తెలిసి బరంపురంలోనే బోలెడుమంది.

మీలాంటి చిన్న వ్యాపారికి సెక్షన్ 44ఏడీ ఉంది. డిజిటల్‌గా వచ్చిన అమ్మకంలో 6 శాతం, నగదుకు 8 శాతం లాభంగా చూపి, పద్దుల గొడవ లేకుండా ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం వేసుకోవచ్చు. ఆ లెక్కన మీకు 40,800 చూపితే చాలని ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. చట్టం చెప్పే 6 శాతం కనీసం. మీకు 1,87,000 మిగిలిందని మీ చేత్తోనే రాశారు, అదే చూపండి. ఎలాగూ పన్ను లేదు.

ఇక అసలు చిక్కు మీ ఉత్తరంలో ఆఖరి వాక్యంలో ఉంది. 2023 అక్టోబరు 1కి ముందు యాప్‌లో వస్తువు అమ్మాలంటే రూపాయి అమ్మకానికైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ రోజు నుంచి చిన్నవాళ్ళకు సడలింపు ఇచ్చారు. రిజిస్ట్రేషన్ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్ముకోవచ్చు. మీరు నడుస్తున్నది దాని మీదే. దానికి ఒడిశాలో ఏడాది అమ్మకం 40 లక్షలు మించకూడదు, అది మీకు దూరం. రెండో షరతు మీకు దగ్గర: వేరే రాష్ట్రానికి సరుకు పంపకూడదు. యాప్‌లో మాత్రమే కాదు, ఏ దారినా పంపకూడదు. అందుకే యాప్ మీ సీసాను భువనేశ్వర్ పంపుతుంది గానీ ఇచ్ఛాపురం పంపనివ్వదు. మీరేమో వాట్సాప్ మీద వైజాగ్ పంపుతున్నారు. పచ్చడి మీద 5 శాతం జీఎస్టీ ఉంది. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటిస్తే మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అప్పడాల మీద జీఎస్టీ లేదు. అప్పడాలొక్కటే అమ్మేవాళ్ళు అసలు రిజిస్ట్రేషన్ జోలికే పోనక్కర్లేదు. కానీ మీరు రెండూ అమ్ముతున్నారు, పైగా షరతు ఒప్పుకుని నంబరు తీసుకున్నారు. కాబట్టి "వైజాగ్ పంపినవి అప్పడాలే" అని వాదన పెట్టుకోవద్దు.

రెండు దారులున్నాయి. వైజాగ్ ఆర్డర్లు మానేయడం ఒకటి. ఆ ఆర్డర్లు బాగా వస్తుంటే రిజిస్ట్రేషన్ తీసుకోవడం రెండోది. తీసుకుంటే పచ్చడి మీద 5 శాతం కట్టాలి. అయితే యాప్ కోసుకున్న 1,36,000లో వాళ్ళు వేసిన 18 శాతం జీఎస్టీ సుమారు 20,700 దాకా దాగి ఉంది. పచ్చళ్ళ వాటా మేరకు దాన్ని మీరు కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవచ్చు, సీసాల మీద కట్టింది కూడా. మీ లెక్కల శుభ్రత చూస్తే రిజిస్ట్రేషన్ మీకు భారం కాదనిపిస్తోంది. తెలంగాణ, ఆంధ్ర ఇళ్ళకు మన బరంపురం పచ్చడి వెళ్ళకపోతే ఇంకెక్కడికి వెళ్తుంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా నాన్న, నేను కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, నెమళ్ళు చేస్తాం. ఇన్‌స్టాలో అమ్ముతాను. ఏడాదికి తొమ్మిది లక్షలు అవుతోంది. పాతపట్నం మాకు పక్క ఊరు. అక్కడికి పంపినా వేరే రాష్ట్రం అంటున్నారు, నిజమేనా? యాప్‌లో కూడా పెడదామనుకుంటున్నాను.
– ఒక యువ కళాకారుడు

జవాబు: నిజమే బాబూ. నౌపడా–గుణుపురం రైల్లో వెళ్తే మధ్యలో రాష్ట్రం మారిందని టీ అమ్మేవాడికి కూడా తెలియదు. జీఎస్టీకి తెలుసు. మీ ఒడిశా జీఎస్టీ కోడ్ 21, ఆంధ్రలో ఉన్న పాతపట్నానిది 37. మీరు పర్లాకిమిడి నుంచి వందల కిలోమీటర్ల అవతల సుందర్‌గఢ్ పంపితే రాష్ట్రంలోపలి అమ్మకం. ఆటోలో పాతపట్నం పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం. నాకిది న్యాయంగా అనిపించదు. సరిహద్దు జిల్లాల వాళ్ళకు పక్క జిల్లా దాకా సడలింపు ఇవ్వాలని ఏళ్ళ తరబడి అంటున్నాను, నా మాట వినేదెవరు?

మీకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది, అది మీ చేతిపని వల్ల వచ్చింది. ఎక్కువ భాగం చేత్తో చేసిన హస్తకళా వస్తువులను, ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉన్నవాటిని, ఏడాదికి 20 లక్షల లోపు అమ్మేవాళ్ళు రిజిస్ట్రేషన్ లేకుండానే వేరే రాష్ట్రానికి పంపుకోవచ్చు. కొమ్ము పని అందులో ఉంది. పాన్ ఉండాలి. పంపే ప్రతి పార్సిల్‌కూ ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం, తీయాలి. మామూలు వ్యాపారికి 50,000 దాటిన సరుకుకే ఈ-వే బిల్లు, మీకు మాత్రం రెండువందల రూపాయల దువ్వెనకైనా తీయాలి. విసుగే, కానీ రిజిస్ట్రేషన్ తీసుకుని నెలనెలా రిటర్న్‌లు వేసే కన్నా తేలిక.

పాతపట్నం వాళ్ళు మీ ఇంటికొచ్చి కొనుక్కుని వెళ్తే గొడవే లేదు. మామూలు కొనుగోలుదారు పేరిట బిల్లులో చిరునామా రాయకపోతే, అమ్మినచోటే అమ్మకం జరిగినట్టు లెక్క. అది 2023 అక్టోబరు నుంచి చట్టంలోనే ఉంది. దసరాకీ సంక్రాంతికీ ఊళ్ళకొచ్చేవాళ్ళకు ఇంటి దగ్గరే అమ్మండి.

యాప్‌లో పెడితే కథ మారుతుంది. హస్తకళల వెసులుబాటు మీరు నేరుగా అమ్మినంత వరకే. యాప్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మాలంటే, పైన బరంపురం అమ్మకు చెప్పిన ఎన్‌రోల్‌మెంట్ దారి ఒక్కటే. దానికి రాష్ట్రం దాటకూడదు. అంటే యాప్‌లో ఒడిశా లోపల అమ్ముతూ, ఇన్‌స్టాలో బయటికి పంపుతానంటే కుదరదు, ఆ షరతు తప్పినట్టే. మీరు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. నన్నడిగితే ఇన్‌స్టాలోనే ఉండండి. కొమ్ము నెమలిని చూసి కొనేవాడు మీ చేతిని చూసి కొంటాడు. యాప్‌లో దాని పక్కనే ప్లాస్టిక్ నెమలి నూట యాభైకి కనబడుతుంది, కమీషన్ పోగా మీకు మిగిలేది కూడా తక్కువ.

ఆదాయపు పన్ను సంగతి అడగలేదు గానీ చెబుతాను. తొమ్మిది లక్షల అమ్మకంలో మీకూ నాన్నగారికీ మిగిలేది ఎంతో రాసి పెట్టుకోండి. వ్యాపారం ఎవరి పాన్ మీద ఉందో వాళ్ళ పేరనే ఆదాయం. ఒకరి పేరు మీద నడుపుతూ ఇద్దరూ సగం సగం చూపడం కుదరదు. కావాలంటే భాగస్వామ్య పత్రం రాసుకోవాలి.

ప్రశ్న: రాయగడలో నాది సెల్‌ఫోన్ సామాన్ల కొట్టు. అద్దె, కరెంటు, కుర్రాళ్ళ జీతాలు నా నెత్తిన. ఇంట్లో కూర్చుని అదే ఫోన్ కవరు 99కి అమ్మేవాడికి పన్నూ లేదు, అద్దే లేదు. వీళ్ళ మీద ఎందుకు పన్ను వేయరు? మీరు కూడా వాళ్ళకే వత్తాసు.
– ఒక వ్యాపారి

జవాబు: వత్తాసు ఎవరికీ లేదు. కానీ మీరు అనుకుంటున్నదానికి తిరగేసి జరిగింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు మీకు ఒడిశాలో 20 లక్షల దాకా మినహాయింపు, 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షల దాకా. యాప్‌లో అమ్మేవాడికి ఆరేళ్ళకు పైగా సున్నా మినహాయింపు. 2018 అక్టోబరు నుంచి అతని ప్రతి అమ్మకంలో యాప్ 1 శాతం జీఎస్టీ టీసీఎస్ (అమ్మకం సొమ్ములోంచి ముందే పట్టే జీఎస్టీ) పట్టుకుంది, ఇప్పుడు అర శాతం. 2020 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను టీడీఎస్ ఇంకో 1 శాతం పట్టారు. 2024 అక్టోబరులో దాన్ని 0.1కి దించారు. పాన్ ఇచ్చి, 5 లక్షలు దాటని చిన్నవాళ్ళను మాత్రం వదిలేశారు. అతను అమ్మిన ప్రతి కవరూ అతని ఏఐఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గరుండే సమాచార పత్రంలో, ముందే ఎక్కి కూర్చుంటుంది. మీ కొట్లో నగదుకు అమ్మిన కవరు సంగతి మీరు చెబితేనే వాళ్ళకు తెలిసేది. ఈ మాట కోపం తెప్పిస్తుందని తెలుసు. కానీ బిల్లు ఇవ్వకుండా అమ్మింది ఎంతో మీకే తెలుసు కదా.

99 రూపాయల ధరకు కారణం వేరే చోట ఉంది. వాళ్ళు సూరత్ నుంచో ఢిల్లీ నుంచో టన్నుల్లో కొంటారు, యాప్ తన సొమ్ముతో ధర తగ్గిస్తుంది, వెనక్కి వచ్చిన సరుకు నష్టం అమ్మేవాడి మీద పడేస్తుంది. వాళ్ళలోనూ కొందరు ఏడాది తిరగకుండా మూసేస్తుంటారు, అది మీకు కనబడదు.

మీకు నిజంగా అన్యాయం చేసేవాడు ఒకడున్నాడు. యాప్‌లో లేడు. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టి, యూపీఐలో డబ్బు తీసుకుని, బిల్లూ పాన్ ఏదీ లేకుండా అమ్ముతాడు. అతని దగ్గర ఎవరూ టీడీఎస్ పట్టరు. కాకపోతే అదీ ఎంతోకాలం సాగదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో కూరగాయల బళ్ళ మీద కూడా క్యూఆర్ కోడ్ తీసేసి "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. అక్కడా ఒక తప్పు జరిగింది. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు, బావమరిది తీర్చిన అప్పు కూడా అందులో ఉంటుంది. అందుకే వ్యాపారానికీ ఇంటికీ వేరే ఖాతాలు పెట్టుకోమని అందరికీ చెబుతుంటాను. మీకూ అదే.

ప్రశ్న: సిరొంచలో ఉంటాను. హైదరాబాద్‌లో చీరలు కొని రెండు యాప్‌లలో అమ్ముతాను. మహారాష్ట్ర జీఎస్టీ ఉంది. అమ్మకం 55 లక్షలు చూపిస్తున్నారు గానీ 13 లక్షల సరుకు కొన్నవాళ్ళు వెనక్కి పంపేశారు. ఇన్‌కంటాక్స్‌కు ఏది చూపాలి? సరుకు తెలంగాణలోని తమ గోడౌన్లో పెడితే డెలివరీ త్వరగా అవుతుందని యాప్ వాళ్ళు అంటున్నారు, పెట్టమంటారా?
– చీరల వ్యాపారి, గడ్చిరోలి జిల్లా

జవాబు: చూపాల్సింది 42 లక్షలు. వెనక్కి వచ్చింది అమ్మకం కాదు. కానీ ఏఐఎస్‌లో 55కి దగ్గరగా ఏదో అంకె కనబడుతుంది. అప్పుడు 'ఈ తేడా ఏమిటి' అని అడిగితే చూపడానికి నెలవారీ సెటిల్‌మెంట్ రిపోర్టులు, క్రెడిట్ నోట్లు (వెనక్కి వచ్చిన సరుకుకు రాసే పత్రాలు) దాచి ఉంచండి. యాప్‌లో పాత రిపోర్టులు ఎప్పటికీ ఉంటాయనుకోకండి, నెల మారగానే దింపుకోండి. 44ఏడీలో వెళ్తే 42 లక్షల మీద 6 శాతం, 2,52,000 కనీసం చూపాలి. చీరల్లో మీకు అంతకన్నా మిగులుతుందనే నా అనుమానం.

గోడౌన్ సంగతి ఆలోచించి చేయండి. మీ సరుకు తెలంగాణలో నిలవ ఉంటే తెలంగాణలో కూడా రిజిస్ట్రేషన్ కావాలి. మీ 27 కోడ్ నంబరుకు తోడు 36 కోడ్‌తో ఇంకోటి. రెండూ మీవే అయినా జీఎస్టీ దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యాపారులు. సిరొంచ నుంచి ఆ గోడౌన్‌కు మీ సరుకు మీరు పంపుకున్నా అంతర్రాష్ట్ర పన్ను బిల్లు వేయాలి. తర్వాత జమ వేసుకోవచ్చు గానీ, అప్పటిదాకా మీ డబ్బు అందులో ఇరుక్కుంటుంది. రిటర్న్‌లు కూడా రెండింతలు.

అయినా మీ విషయంలో నాకో సంగతి తోచింది. కొనేది హైదరాబాద్‌లో. కొనేవాళ్ళు ఎక్కడివాళ్ళో రాయలేదు. వాళ్ళలో ఎక్కువమంది తెలంగాణవాళ్ళే అయితే, చీరను గోదావరి దాటించి సిరొంచ తెచ్చి, మళ్ళీ కాళేశ్వరం మీదుగా వెనక్కి పంపడం దేనికి? తెలంగాణ నంబరు తీసుకుని ఆ నంబరు మీదే హైదరాబాద్‌లో కొని, నేరుగా అక్కడి గోడౌన్‌కు చేర్పించండి. నాగపూర్, చంద్రపూర్ ఆర్డర్లకు మాత్రం సిరొంచ సరుకు వాడండి. తెలంగాణ కొనుగోలుదారులు తక్కువైతే గోడౌన్ మాట మరచిపోండి.

ప్రశ్న: సార్, నేను జయపురంలో డిగ్రీ చదువుతూ ట్యూషన్లు చెబుతాను. ఒక రీసెల్లింగ్ కంపెనీ కేటలాగ్ వాట్సాప్‌లో పంపి, ఎవరైనా కొంటే కమీషన్ తీసుకుంటాను. పోయిన ఏడాది 2,40,000 కమీషన్ వచ్చింది, అందులో 4,800 పట్టుకున్నారు. ట్యూషన్లలో లక్షన్నర. నాకు జీఎస్టీ కావాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: అక్కర్లేదమ్మా. సరుకు మీది కాదు, మీరు చేసేది సేవ. సేవలకు 20 లక్షల దాకా జీఎస్టీ లేదు. వాటికి రాష్ట్రం దాటినా ఫరవాలేదు. ఈ సరిహద్దు తలనొప్పి వస్తువులు అమ్మేవాళ్ళకే. 4,800 అన్నది కమీషన్ మీద 2 శాతం టీడీఎస్, 2024 అక్టోబరుకు ముందైతే 5 శాతం పట్టేవారు. మీ మొత్తం ఆదాయం 3,90,000, నాలుగు లక్షల లోపు. రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. ఒక జాగ్రత్త: కమీషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు, యూట్యూబ్‌లో చూసి ఐటీఆర్-4 నింపేయకండి. ఐటీఆర్-3 వేయాలి. ఫోన్ రీచార్జి, నెట్ ఖర్చులో వ్యాపారానికి వాడిన వాటా తీసేసుకోవచ్చు, రసీదులుంటే.

ప్రశ్న: గుణుపురంలో ప్రభుత్వ టీచరుని. మా ఆవిడ పేరు మీద పిల్లల గౌన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. పెట్టుబడి నేను రెండు లక్షలు ఇచ్చాను, ఆమె లక్ష పెట్టింది. రెండేళ్ళుగా ఎక్కడా చూపలేదు.

జవాబు: "అమ్ముతున్నాం" అని రాశారు, ఆ 'మ్' మీ ఉద్యోగానికి మంచిది కాదు. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ఆవిడ చేస్తే చేయవచ్చు, మీ శాఖకు తెలియజేయాలి. ముందు ఆ పని చేయండి.

పన్ను విషయం: భార్యకు ఊరికే ఇచ్చిన డబ్బుతో వచ్చిన లాభాన్ని భర్త ఆదాయంలో కలపమంటుంది సెక్షన్ 64. ఏడాది మొదటి రోజున ఉన్న పెట్టుబడిలో మీ వాటా ఎంతో చూస్తారు. మూడులో రెండొంతులు మీవి కాబట్టి లాభంలో రెండొంతులు మీ జీతంతో కలుస్తుంది, ఒక వంతు ఆవిడది. మీరు ఇచ్చింది అప్పు అయి, ఆవిడ నిజంగా వడ్డీ ఇస్తూ ఉంటే కలపనక్కర్లేదు. ఇప్పుడు పాత తేదీ వేసి అప్పు పత్రం రాసుకోవద్దు. పాత రెండేళ్ళకు అప్‌డేటెడ్ రిటర్న్, అంటే గడువు దాటాక వేసే రిటర్న్, వేయండి. నాలుగేళ్ళ దాకా గడువుంది గానీ ఆలస్యమయ్యే కొద్దీ పన్నూ వడ్డీ మీద 25, 50, 60, 70 శాతం చొప్పున అదనంగా పెరుగుతుంది. ఈ నెలే వేయండి.

ప్రశ్న: సునాబెడాలో పని చేసి రిటైరయ్యాం. క్వార్టర్ ఖాళీ చేస్తూ ఫ్రిజ్, మంచాలు, సైకిలు ఆన్‌లైన్‌లో అమ్మేశాం. 38,000 వచ్చింది. మా అత్తగారు ఇచ్చిన గొలుసు కూడా అమ్మాలనుకుంటున్నాం. పన్నుందా?

జవాబు: ఇంట్లో వాడుకున్న సామాను అమ్మితే పన్ను లేదు. ఎక్కడా చూపనక్కర్లేదు. పాత సామాన్లు కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే మాత్రం అది వ్యాపారం. బంగారానికి ఈ మినహాయింపు లేదు. అత్తగారు కొన్న ధర మీ కొనుగోలు ధరగా తీసుకోవాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువ తీసుకోవచ్చు, అది మీకు లాభం. రెండేళ్ళు దాటిన బంగారం లాభం మీద 12.5 శాతం పన్ను. దీనికి 87ఏ రిబేటు రాదు.

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో పాత బట్టలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. అక్కడ ఇవేమీ ఉండవంటుంది. మన దేశంలోనే ఇంత పట్టుదలా?
– ఛత్రపురం నుంచి ఒక తల్లి

జవాబు: అక్కడా ఉంది. ఏడాదికి వెయ్యి పౌండ్ల అమ్మకం దాకా వాళ్ళు వదిలేస్తారు. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో యాప్‌లు అమ్మకందారుల వివరాలు పన్నుల శాఖకు ఇవ్వాలి. ఏడాదికి 30 అమ్మకాల లోపు, 2,000 యూరోల లోపు ఉన్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. తన పాత బట్టలే అమ్ముకుంటే పన్ను లేదు, సునాబెడా వారికి చెప్పినట్టే. అమెరికాలో 600 డాలర్లు దాటితే చాలు అని 2021లో చట్టం చేసి, ఏటా వాయిదా వేసి, 2025లో మళ్ళీ పాత 20,000 డాలర్లు, 200 అమ్మకాల హద్దుకే పోయారు. మనవాళ్ళు అలా వెనక్కి పోలేదు, టీడీఎస్ రేటు మాత్రం పదో వంతుకు దించారు.

ప్రశ్న: నా అమ్మకం ఏడాదికి లక్షా ఎనభై వేలే. అయినా యాప్ వాళ్ళు 5 శాతం పట్టుకున్నారు. 5 లక్షల దాకా లేదని విన్నాను.
– కాశీనగరం

జవాబు: మీ పాన్ వాళ్ళ దగ్గర లేకపోయుండాలి, లేదా ఆధార్‌తో జతపరచక చెల్లకుండా పోయుండాలి. పాన్ లేనివాళ్ళకు ఆ 5 లక్షల మినహాయింపు లేదు, రేటు కూడా 5 శాతమే. ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో పాన్ చెల్లుతోందో లేదో చూసుకుని, సెల్లర్ ప్రొఫైల్లో ఎక్కించండి. పోయిన 9,000కు మీ పాన్ చేర్చి టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిదిద్దమని యాప్ వాళ్ళకు మెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడితే ఎవరూ పట్టించుకోరు. వాళ్ళు దిద్దాక మీ 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమైన పన్ను చూపే పత్రంలో, ఆ మొత్తం కనబడుతుంది, అప్పుడు రిటర్న్ వేయండి. కనబడకముందు వేస్తే జమ రాదు.